కాటాకు ఆనని పుస్తకాలు

మా తిరుచానూరు వీధిలో కంప్యూటర్ చదువు చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి ఇంటిపట్టున ఉంటున్నానని తెలిసి, అప్పుడప్పుడూ వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతుంటారు. "అంకుల్, డివైస్ డ్రైవర్లు రాయడం నేర్చుకోవాలంటే మొదట ఏ పుస్తకం చదవాలి?" ఒక పేరు చెప్పి పంపించవచ్చు. కాని ఈ విద్యలో పుస్తకాలు త్వరగా పాతబడతాయి. అందుకని పేరు చెప్పకుండా, నేను ఒక పుస్తకాన్ని ఎలా ఎంచుకోవలసి వచ్చిందో చెప్పడం మొదలుపెడతాను. సగంలో వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. కాగితం మీద పెడితే చివరిదాకా వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని రాస్తున్నాను.

నేను పనిచేసింది వడమాలపేట దాటాక పుత్తూరు దారిలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. చేరింది స్టోర్సు గుమాస్తాగా. చదువు ఇంటర్‌తో ఆగింది. లెక్కలంటే మాత్రం చిన్నప్పటి నుంచి పిచ్చి. బస్సులో కూర్చుంటే టికెట్టు మీది అంకెలు కూడుతూ ఉండేవాణ్ణి. ఫ్యాక్టరీకి కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతా గుమాస్తాలు వాటికి దూరంగా నిలబడ్డారు, నేను దగ్గరికి వెళ్లాను. ఆ తరువాత వాటికి ఏ జబ్బు చేసినా నన్నే పిలిచేవారు. అలా ఒక్కొక్కటీ చేత్తో చేసి నేర్చుకున్నదే తప్ప నాకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఫ్యాక్టరీకి ప్రాణం గేటు దగ్గరి లారీల కాటా. తోతాపురి మామిడి సీజన్‌లో ట్రాక్టర్లూ లారీలూ గేటు నుంచి రోడ్డు దాకా బారులు తీరేవి. కాయలతో ఒకసారి, దించిన తరువాత ఖాళీగా ఒకసారి, బండి కాటా ఎక్కాలి. రెండింటి తేడా కాయల బరువు. ఆ బరువు కంప్యూటర్ నుంచి అచ్చయి చీటీగా రైతు చేతికి వెళుతుంది.

కాటా గది కిటికీ దగ్గర కూర్చునే ఆపరేటరు వడమాలపేట ఆవిడ. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది, నన్ను అన్నా అనేది. వాళ్ల ఇంట్లో నెల జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. కృష్ణగిరి నుంచి వచ్చే లారీ డ్రైవర్లతో అరవం, మా రైతులతో తెలుగు, ఇద్దరితోనూ అవసరమైనప్పుడు జగడం, అన్నీ ఆ కిటికీలోంచే నడిపేది. డివైస్ డ్రైవర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆమెను చూపించేవాణ్ణి. లారీ ఆయనకు తెలుగు రాదు, మా మేనేజరుకు అరవం రాదు, మధ్యలో కూర్చుని ఈమె అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తుంది. కంప్యూటర్‌కూ దానికి తగిలించిన పరికరానికీ మధ్య అదే పని చేసే ప్రోగ్రామ్ పేరు డ్రైవర్. అది ఆపరేటింగ్ సిస్టమ్ కడుపులో కూర్చుంటుంది కనుక, అది తప్పు చేస్తే యంత్రం మొత్తం ఆగిపోతుంది. మామూలు ప్రోగ్రామ్‌కూ దానికీ తేడా అదే.

ఒక ఏడాది, తోటల్లో పిందె పడే రోజుల్లో, కాటా గది కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది తెప్పించాం. గది బయట బరువు అంకె చూపించే కాటా పెట్టె నుంచి ఆ అంకెను కంప్యూటర్‌కు తెచ్చే కార్డు కొత్త దాంట్లో సరిగ్గా కూర్చుంది. కాని ఆ కార్డు డ్రైవర్ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు తప్ప దేనికీ పనికిరాదు, దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పోనీ పెట్టె మార్చేద్దామంటే, దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంది. పెట్టె మారిస్తే మళ్లీ తనిఖీ, మళ్లీ ముద్ర. సీజన్ మొదలయ్యే లోపల అవుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. పెట్టె మీది అంకె చూసి చీటీ చేత్తో రాయడం అంతకు ముందొకసారి ప్రయత్నించాం. "నువ్వు రాసిందే బరువా?" అని రోజంతా కిటికీ దగ్గర రగడే.

మేనేజరు కాటా గదికి వచ్చి నిలబడ్డాడు. చిత్తూరు మనిషి, తక్కువ మాట్లాడేవాడు.

"ఏమప్పా, పలమనేరు పక్క ఒక పాల కేంద్రంలో కాటా మొత్తం ఏజెన్సీకి ఇచ్చేసినారంట. మిషనూ వాళ్లదే, మనుషులూ వాళ్లే, ముద్ర సంగతీ వాళ్లే సూసుకుంటారంట. కాయ దిగే లోపల నువ్వు ఏమన్నా చేయగలిగితే సరి. లేకుంటే వాళ్లకు ఫోన్ చేస్తా."

ఆయన వెళ్లాక ఆపరేటరు కిటికీ వైపు తిరిగే అడిగింది. "మనుషులూ వాళ్లే అంటే, నేను యాడికి పోవాలన్నా?"

"ఇంకా పిలవలేదు కదమ్మా."

"పిలిస్తే?"

కార్డుతో వచ్చిన చిన్న పుస్తకం తీసి తిరగేశాను. దాని చివరి పేజీల్లో, బరువు ఏ చిరునామాలో ఉంటుందో, కొత్త బరువు వచ్చిందని ఏ గుర్తు చెబుతుందో పట్టిక వేసి ఉంది. అంటే డ్రైవర్ రాయడం అసాధ్యం కాదు. లోపలి సంగతంతా చూసుకునే వీలున్న లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త కంప్యూటర్‌లో వేసుకున్నాను. ఇక డ్రైవర్ రాయడం ఒక్కటే నేర్చుకోవాలి. దానికొక పుస్తకం కావాలి.

నా స్వభావం కొద్దీ మార్కులు వేశాను. దొరికే పుస్తకాలన్నింటికీ పేజీలకు ఇన్ని, ఉదాహరణలకు ఇన్ని, రాసినవారి అనుభవానికి ఇన్ని, చదివినవారి మెప్పుకు ఇన్ని. కూడితే ఒక లావు పుస్తకం మిగతావాటికి అందనంత పైన నిలిచింది. కూడికలో తప్పు లేదు. ఈ రోజు కూడినా అదే మొత్తం వస్తుంది.

పుస్తకం ఫ్యాక్టరీ చిరునామాకే వచ్చింది. విప్పుతుంటే కాయలు పరీక్షించే మేస్త్రీ అటువైపు వచ్చాడు. లోడును తీసుకోవాలో వెనక్కి పంపాలో చెప్పేది ఆయనే.

"ఏందబ్బా అది, ఇటికరాయా?"

"పుస్తకం మేస్త్రీ. కాటాకు వైద్యం."

"అయితే కాటా మిందనే పెట్టన్నా, తూస్తా," అంది కిటికీలోంచి ఆపరేటరు.

వెళ్లి కాటా నడిమధ్య పెట్టి వచ్చాను. మా కాటా పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది. అంతకంటే చిన్నది దానికి కనబడదు. పెట్టె మీద సున్నా కదల్లేదు.

"సూడన్నా, ఇంత సదువుకు బరువే లేదంటాది!" అని ఆమె నవ్వింది. మేస్త్రీ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంటికి తీసుకుపోయి మొదలుపెట్టాక నవ్వు తగ్గింది. అది మంచి పుస్తకమే. కాని ప్రతి అధ్యాయమూ, ఇది మీకు తెలిసే ఉంటుంది అన్న ధోరణిలో మొదలవుతుంది. నాకు తెలియదు. పైగా అందులోని ప్రోగ్రామ్‌లు పాత కర్నెల్‌కు రాసినవి. కర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి భాగం, డ్రైవర్ మాట్లాడవలసింది దానితోనే. దాని లోపలి పేర్లూ పద్ధతులూ ఏడాదికేడాది మారుతుంటాయి. పుస్తకంలోని మొట్టమొదటి ఉదాహరణను ఉన్నదున్నట్టు టైపు చేస్తే నా కంప్యూటర్ తప్పుల జాబితా ఒకటి ఇచ్చింది. తప్పు నాదా, పుస్తకానిదా అని తేల్చుకునే చదువు నాకు లేదు. మొదటి పుస్తకంతో వచ్చే కష్టం ఇదే. దాన్ని తప్పుపట్టాలంటే రెండో పుస్తకం చదివి ఉండాలి.

రెండోసారి మార్కులు వేయలేదు. లావుతో దెబ్బ తిన్నాను కనుక పల్చటిది కొన్నాను. అదీ లెక్కే, కాకపోతే తలకిందులు లెక్క. ఈ పుస్తకం నన్ను ఎక్కడా ఆపలేదు. ఇది టైపు చెయ్యి, అది నొక్కు, ఇదిగో వచ్చేసింది అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఉదాహరణలు కొత్త కర్నెల్‌వే. కొద్ది రోజుల్లోనే నా డ్రైవర్ కార్డును పలకరించింది, స్క్రీన్ మీద సున్నా వచ్చింది. ఆపరేటరు బయటికి పరుగెత్తి కాటా మీద నిలబడింది. సున్నా మారి ఆమె బరువు వచ్చింది.

"ఎంతన్నా?"

చెప్పాను.

"ఈ అంకె మాత్రం ఎవురికీ సెప్పొద్దు," అంటూ లోపలికి వచ్చింది. ఆమె అంత తేలిగ్గా నడవడం నేను ఆ నెలలో అదే మొదటిసారి చూడడం.

మేనేజరును పిలిచాం. ఆ రోజు బాయిలరుకు కట్టెల లారీ వచ్చింది. దాన్ని కాటా ఎక్కించాం. బయట పెట్టె మీదా లోపల స్క్రీన్ మీదా ఒకటే అంకె. మేనేజరు తల ఊపాడు. లారీ దిగింది. దాని వెనకే ఖాళీ క్రేట్లు తెచ్చిన ట్రాక్టరు ఎక్కింది. ఆపరేటరు స్క్రీన్ చూసింది, కిటికీలోంచి ట్రాక్టరును చూసింది, మళ్లీ స్క్రీన్ చూసింది. ఆమె అప్పుడు మాట్లాడకుండా ఉండవచ్చు. ఉండలేదు.

"సార్, ఈ ట్రాక్టరు కట్టెల లారీ అంత తూగతా వుండాది."

బయట పెట్టె ట్రాక్టరు బరువు సరిగానే చూపిస్తోంది. స్క్రీన్ మీద మాత్రం లారీ బరువు అలాగే నిలబడి ఉంది. కంప్యూటర్ వెనక చూస్తే, పెట్టె నుంచి కార్డుకు వచ్చే వైరు స్క్రూ బిగించక, లారీ అదురుకు ఊడిపోయింది.

"ట్రాక్టరు కాబట్టి తెలిసింది," అన్నాడు మేనేజరు. "లారీ ఎనక లారీ వచ్చింటే?"

"నాకు తెలిసుండదు సార్," అంది ఆపరేటరు. ఆ మాట తనకే ఎదురు తిరుగుతుందని తెలిసీ చెప్పింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇది బరువు. రైతు ఏడాది కష్టం దీంట్లో ఉండాది. ఒకరి బరువు ఇంకొకరికి ఇచ్చే మిషన్ నాకొద్దు. మొదటి లోడు వచ్చే దాకా సూస్తా. అప్పుడూ ఇట్లనే ఉంటే ఫోన్ చేసేస్తా."

కారణం వెంటనే తెలిసింది. కాటా పెట్టె కొత్త బరువు పంపినప్పుడల్లా కార్డులో ఒక గుర్తు లేస్తుంది. గుర్తు లేవకపోతే, ఇంకా కొత్త బరువు రాలేదు కాబోలని నా డ్రైవర్ అంతకు ముందు తెలిసిన బరువునే మళ్లీ చెప్పేది. రాసినప్పుడు అది తెలివైన పనే అనిపించింది. వైరు ఊడితే ఆ గుర్తు ఇక ఎప్పటికీ లేవదు, పాత బరువే శాశ్వతం. అరవం ఆయన నోరు తెరవకపోతే, నిన్న వచ్చిన లారీ డ్రైవరు చెప్పిన మాటను మా ఆపరేటరు ఈ రోజు మేనేజరుకు చెప్పినట్టన్న మాట. ఆమె అలా ఎన్నడూ చేయదు. "ఈన పలకడంలే సార్" అంటుంది. ఆ ఒక్క వాక్యం నా డ్రైవర్‌కు రాదు. పల్చటి పుస్తకం దానికి నేర్పలేదు.

ఆ ఒక్క చోట దిద్దడం కష్టం కాదు. అలాంటివి ఇంకా ఎన్ని చోట్ల ఉన్నాయో నాకు తెలియకపోవడం కష్టం. ముఖం వేలాడేసుకుని కాటా గది మెట్ల మీద కూర్చుంటే మేస్త్రీ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పుస్తకం కొనేటప్పుడు యాడ సూసి కొన్నావబ్బా?"

"అట్ట చూసినా. విషయసూచిక చూసినా. మొదటి పది పేజీలు చదివినా."

"పైకాయలు," అని లేచి వెళ్లిపోయాడు.

సీజన్‌లో ఆయన చేసే పని నేను ఏళ్ల తరబడి చూసినదే. లోడు మీద పరిచిన కాయల వైపు కన్నెత్తి చూడడు. లారీ పక్క నుంచి మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమి నుంచి రెండు, అడుగు నుంచి రెండు లాగి కోస్తాడు. లోడు గతి ఆ నాలుగు కాయలే తేలుస్తాయి. "పైకాయలు సూసేదానికి నేనెందుకు? అవి వాళ్లే సూపిస్తారు," అనేవాడు.

మరునాడు సెలవు పెట్టి తిరుపతి వెళ్లాను. కాలేజీల దారిలో కొత్త పుస్తకాలతో పాటు విద్యార్థులు అమ్మేసిన పాతవీ పెట్టే దుకాణం ఒకటి ఉండేది. డ్రైవర్ల మీద ఉన్నవన్నీ దించమన్నాను. స్టూలు మీద కూర్చుని, ఏ పుస్తకాన్నీ మొదటి పేజీ తీయకుండా నడిమికి విప్పాను. మార్కులు లేవు. ప్రశ్న ఒకటే. పరికరం పలకకపోతే ఏం చేయమంటుందీ పుస్తకం?

ఒక దాంట్లో పరికరాలు ఎప్పుడూ పలుకుతూనే ఉన్నాయి. అంత అదృష్టవంతుడు రాసిన పుస్తకం నాకు పనికిరాదు. ఇంకొక దాంట్లో ప్రతి ఉదాహరణ కిందా, స్థలం చాలనందున తప్పుల తనిఖీ వదిలేశామని చిన్న అక్షరాల్లో ఉంది. అట్ట మీద మాత్రం సగం చోటు ఖాళీగా ఉంది. వేరొకటి బాగుందనిపించింది కాని, అది వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ది.

దుకాణం ఆయన కాసేపు చూసి అన్నాడు. "ఏం సార్, ఎవురైనా మొదటి నుంచి కదా సూస్తారు. మీరేంది, నడిమికి సీల్చి సూస్తా వుండారు?"

"మామిడికాయల ఫ్యాక్టరీ అప్పా మాది."

"ఓ, అట్లనా," అన్నాడు, అర్థమైనట్టే.

చివరికి చేతికొచ్చింది ఒక మధ్యరకం పుస్తకం. అట్ట వెలిసిపోయి ఉంది. దాని నడిమిలో, పరికరం కోసం ఎదురుచూడడం గురించి ఒక అధ్యాయం మొత్తం ఉంది. ఎదురుచూపుకు ఒక హద్దు పెట్టుకో, హద్దు దాటితే అందలేదని పైవాళ్లకు చెప్పు, నీ దగ్గరున్న పాత అంకె ఇవ్వకు అని రాసి ఉంది. ఇంకొంచెం వెనక్కి తిప్పాను. డ్రైవర్ మొదలయ్యేటప్పుడు కర్నెల్ నుంచి ఒక్కొక్కటే తీసుకుంటుంది. ఏ మెట్టు దగ్గర విఫలమైనా, అంతవరకూ తీసుకున్నవి తీసుకున్న వరసకు ఎదురు వరసలో తిరిగి ఇచ్చేయాలని బొమ్మ వేసి చూపించారు. అప్పుడు మొదటి అధ్యాయం తీశాను. అందులోని మొదటి డ్రైవర్ ఏ పనీ చేయదు. లోపలికి వస్తుంది, శుభ్రంగా బయటికి పోతుంది, అంతే. పోవడానికి కూడా రావడానికి ఇచ్చినంత చోటు ఇచ్చారు. ఏ కర్నెల్ మీద పరీక్షించారో చెప్పారు. అది నా కంప్యూటర్‌లో ఉన్నదానికి దగ్గరలోనే ఉంది. కొనేశాను.

ఇంటికొచ్చి పాత డ్రైవర్ పక్కన పెట్టి, మొదటి నుంచి మళ్లీ రాశాను. పరికరాన్ని నమ్మిన ప్రతి చోటా ఆగి, అది పలకకపోతే అని అడుగుతూ రాశాను. నేను అనుకున్నదానికంటే చాలా చోట్ల నమ్మాను. రాయడం అయ్యాక, ఆపరేటరూ నేనూ కూర్చుని వైరు పీకడం, పెట్టడం, పెట్టె కరెంటు తీసేయడం, సగం బరువులో బండి దించేయడం, తోచిన అల్లరంతా చేశాం. అల్లరిలో ఆమె నాకంటే ఘనురాలు.

మొదటి లోడు ఒక ట్రాక్టరు. దాని వెనక అప్పుడే రెండు లారీలు నిలబడ్డాయి. మేనేజరు కాటా గదిలోకి వచ్చి, కంప్యూటర్ వెనక నిలబడ్డాడు. ట్రాక్టరు ఎక్కింది. అంకె వచ్చింది, పెట్టె మీది అంకెతో సరిపోయింది. ఆయన వంగి వైరు పీకేశాడు.

స్క్రీన్ మీది అంకె ఒక్క క్షణం అలాగే ఉంది. ఆ క్షణంలో ఆపరేటరు నా వైపు చూడలేదు, నేను ఆమె వైపు చూడలేదు. తరువాత అంకె పోయింది. దాని చోట రెండు మాటలు వచ్చాయి. బరువు అందలేదు.

"అచ్చు నొక్కు," అన్నాడు ఆమెతో.

నొక్కింది. చీటీ రాలేదు.

బయట రైతు ఇంజను ఆపి కేకేశాడు. "ఏందమ్మా, కాటా పనిచేస్తాదా లేదా?"

"చేస్తాది నాయనా, సార్ దానికి పరీక్ష పెడతా వుండారు!"

మేనేజరు వైరు పెట్టాడు. అంకె తిరిగి వచ్చింది. ఇంకోసారి పీకాడు, ఇంకోసారి పెట్టాడు. తరువాత స్క్రూలు రెండూ తన చేత్తోనే బిగించి, నడుం నిమురుకుంటూ లేచాడు.

"ఎనక లారీలు నిలబడుండాయి. కానియ్యండి," అని వెళ్లిపోయాడు.

ఏజెన్సీ మాట మళ్లీ ఎత్తలేదు. ఆపరేటరు చీటీ అచ్చువేసి కిటికీలోంచి రైతుకు ఇచ్చింది.

లావు పుస్తకం సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ల తరువాత దాన్ని మళ్లీ తీశాను. అప్పటికి చదవడం వచ్చింది. అంత గొప్ప పుస్తకం ఈ విషయంలో నేను ఇంకొకటి చదవలేదు. నేను వేసిన మార్కులు దానికి ఎక్కువేమీ కావు. దాన్ని చదవవలసినవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్నది కూడికలో వేయలేదు, అంతే. మొదటి పుస్తకం గొప్పది కానక్కర్లేదు. మీ యంత్రం మీద దాని మొదటి ఉదాహరణ నడవాలి, నడవనప్పుడు ఏం చేయాలో దాని నడిమి పేజీల్లో ఉండాలి. అట్ట మీద ఎంత బాగున్నా, మోచేతి దాకా చెయ్యి దూర్చండి.

కళ్లు ఇబ్బంది పెట్టడంతో నేను గడువుకు ముందే ఉద్యోగం వదిలేశాను. చివరి రోజు సీజన్‌లోనే పడింది. బల్ల ఖాళీ చేసి, మూడు పుస్తకాలూ సంచిలో వేసుకుని కాటా గదికి చెప్పి వెళదామని వచ్చాను.

"ఒకపారి ఎక్కన్నా," అంది ఆపరేటరు.

సంచితో సహా కాటా ఎక్కి నిలబడ్డాను. ఎనభై అని కేకేసింది. సంచి కింద పెట్టి రమ్మంది. కాటా అవతల పెట్టి వచ్చి నిలబడ్డాను. ఎనభై.

"అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నీ పుస్తకాలు దీనికి ఆనవన్నా."

నవ్వుతూనే, వెనక్కి చెయ్యి పెట్టి, స్క్రూలు వదులు చేసి వైరు లాగింది. నాకు స్క్రీన్ కనబడదు కనుక పైకి చదివి వినిపించింది. "బరువు అందలేదు." తరువాత అంది. "ఇన్ని సీజన్లలో ప్రెతి అంకె మిందా ఎవురో ఒకరు జగడానికి వచ్చినారు. ఈ మాట మింద మాత్రం ఒక్కరూ రాలేదన్నా."

వెనక లారీ హారన్ కొట్టింది. ఆమె వైరు పెట్టి బిగించి, కిటికీలోంచి తల బయటపెట్టి "వాంగణ్ణా, వాంగ!" అని అరవంలో రమ్మని కేకేసింది. నేను సంచి తీసుకుని పక్కకు జరిగాను. లారీ కాటా ఎక్కింది.